ఎర్రమట్టి పూసిన వ్యాగను

ముందే ఒక మాట. నేను వెళ్ళిన స్టేషను పేరు ఇందులో రాయను. అక్కడున్న వ్యాగను నంబరు కూడా రాయను. రివెట్టు లెక్క ఒక్కటి తప్పినా ఊరుకోనివాడు పేరూ నంబరూ లేకుండా యాత్ర రాయడమేమిటని తెలిసినవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. విజయనగరంలో బయల్దేరాను, కొత్తవలసలో బండి మారాను, అరకు దాటాక ఒకచోట దిగాను. ఆ లైను పక్కన కరెంటు స్తంభాలు పాతుతున్న ఏడాది, చైత్ర మాసం. అంతకన్నా చెప్పను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

నేను డ్రాయింగు మేస్టర్ని. బళ్ళో పిల్లలచేత జాడీలూ జామకాయలూ గీయించి, ఇంటికొచ్చి పాతకాలపు గూడ్సు వ్యాగన్ల నమూనాలు చేస్తాను. బొగ్గింజన్లు లాగిన రోజుల నాటివి. అడుగుకు అర అంగుళం లెక్క. టేకు చెక్క, నూనె డబ్బాల రేకు, రివెట్లకు గుండుసూది తలలు. మా ఆవిడ వీటిని ‘మీ బొమ్మలు’ అంటుంది. అన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

మండదా మరి? ఇంజనుకైతే ప్రతివాడూ ఫోటో తీస్తాడు. ఈ దేశం తిన్న బియ్యం, కట్టిన బట్ట, ఇళ్ళకు పోసిన సిమెంటు మోసినది వ్యాగను. దాన్ని చూసినవాడు లేడు. పెళ్ళికొడుక్కి దండలు వేసి, పల్లకీ మోసిన బోయీలను పంక్తిలోంచి లేపేసినట్టుంటుంది. పాత నక్షాలు ఏమయ్యాయని ఒక ఆఫీసులో అడిగితే, చెదలు పట్టాయని తూకానికి అమ్మేశామన్నారు. అబద్ధం కాదు. మా స్టేషను బయట పకోడీలు కొంటే, రెండు రెక్కల తలుపున్న పాత మూత వ్యాగను నక్షా నా చేతికే పొట్లంగా వచ్చింది, నూనె మరకలతో. అందులో తలుపు బయటివైపు మాత్రమే ఉంది. లోపలివైపు గీసిన సగం కోసం ఆ బండివాడి దగ్గర వరసగా నాలుగు రోజులు పకోడీలు కొన్నాను. కడుపు చెడింది గాని ఆ కాగితం దొరకలేదు.

అయినా ఊహించి నమూనా చేశాను. మద్రాసులో ఇలాంటి పిచ్చే ఉన్న పెద్దమనిషి ఒకాయన దాని తలుపు తెరిచి చూసి, ‘లోపల మీ కల్పన’ అని ఒక్క ముక్క అన్నాడు. ఆ రాత్రి రైల్లో నాకు నిద్ర లేదు. లోపలివైపు చూసి తీరాలి. నాకు పట్టిన పంతం అదొక్కటే.

ఆ తర్వాత మా బడి మేస్టర్లు అరకు విహారయాత్రకు వెళ్ళి గ్రూపు ఫోటో దిగారు. ముందు వరసలో హెడ్మాస్టరు గారు, వాళ్ళ వెనకాల నా వ్యాగను! చక్రాలున్నాయో లేవో కుర్చీలు అడ్డమొచ్చి కనబడలేదు. నలుపు తెలుపు ఫోటో కాబట్టి గోడ రంగు తెలియలేదు గాని, దాని మీద నంబరు మటుకు భూతద్దంలో స్పష్టంగా ఉంది. ఒక మూల ఆరేసిన చీర వేలాడుతోంది. ఆ చీర మూలన ఉన్న రివెట్లను కప్పేసిందని విసుక్కున్నాను.

కొలుచుకోవడానికి అనుమతి ఇమ్మని, ఆ వ్యాగనును కాపాడమని పై ఆఫీసుకు నాలుగు ఉత్తరాలు రాశాను. మూడింటికి ఉలుకూ పలుకూ లేదు. నాలుగోదానికి జవాబు వచ్చింది. కొలుచుకోవచ్చునట. అయితే వారం లోపల రావాలట, ఎందుకంటే దాన్ని తుక్కు కింద వేలం వేసేశారట, కోసి పట్టుకుపోతారట! కాపాడండి మహాప్రభో అని మొరపెట్టుకుంటే కసాయివాణ్ణి పిలిచినట్టయింది. తిట్టుకుంటూ సంచీలో టేపు, పెన్సిళ్ళు, నోటుబుక్కు పడేసి బయల్దేరాను.

పనస తొనలు, సొరంగాలు

నా ఎదురు సీట్లో శృంగవరపుకోట చింతపండు వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. మనిషి మంచివాడు. అరటిపండు ఇచ్చాడు, కుశలం అడిగాడు.

“ఏటి మేస్టారూ, బొర్రా గుహలు సూడ్డానికా?”

“కాదండీ. ఒక పాత వ్యాగను కొలవడానికి.”

“గూడ్సు డబ్బానా?” ఆయన కళ్ళు ఇంతయ్యాయి. “దానికి కొండెక్కాలేటండి? వాల్తేరు యార్డులో బోల్డున్నాయి కదా.”

డబ్బా అట! ఆయనకు మూడు సొరంగాల సేపు పాఠం చెప్పాను. ఇప్పటి వ్యాగన్లన్నీ వెల్డింగువి, అతుకు కనబడదు. నేను వెదికేది రివెట్లు కొట్టినది. ఎర్రగా కాల్చిన రివెట్టును ఒకడు విసిరితే, ఇంకొకడు పట్టి కన్నంలో పెడితే, ఇద్దరు అటూ ఇటూ నిలబడి కొట్టినది. ప్రతి రివెట్టు వెనకా నలుగురు మనుషులు. ఆయన శ్రద్ధగా విని, “అయితే కన్నాలెక్కువ, వోన కారదేటండి?” అన్నాడు. ఆ తర్వాత నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఎదురుగా ఇనప రాయి నింపుకున్న గూడ్సు దిగి వస్తే మా బండి పక్కకు తప్పుకుని నిలబడింది. ఎర్ర దుమ్ము కప్పుకున్న వ్యాగన్లు, అన్నీ ఒక్క పోతవి, లెక్కపెడుతూ మధ్యలో విసుగొచ్చి మానేశాను. కొండ గుల్ల చేసి సముద్రం దాకా మోసుకుపోతున్నారు. మనుషులెక్కిన మా బండి దానికి దారి ఇచ్చి ముప్పావు గంట ఎండలో ఎండాలి. రాయికున్న తొందర మనిషికి ఉండకూడదు కాబోలు.

ఆ ముప్పావు గంటలో ఒక మంచి జరిగింది. గట్టు మీంచి ఆడవాళ్ళు గంపలతో దిగి వచ్చారు. పావలాకి అడ్డాకు నిండా పనస తొనలు. మా మార్కెట్లో అదే పావలాకి నాలుగు తొనలు పెట్టి, నాలుగోది కుళ్ళినది పెడతారు. ఇక్కడ తల్లి ఎవరో రెండు ఎక్కువే వేసి, “తిను బాబు, తియ్యగుంటాది” అంది. తేనెలా ఉన్నాయి. కోపంగా ఉన్న మనిషి పనస తొనలు తినకూడదు, కోపం నిలవదు.

నా దస్తూరీ

దిగేసరికి మధ్యాహ్నం రెండు. స్టేషను మాస్టరు పాలకొండ వైపు మనిషి, పేరు సింహాద్రి. బక్కపలచగా, గొంతు మాత్రం మైకు లేకుండా మూడు ప్లాట్‌ఫారాలకు వినబడేలా ఉన్నాడు. నా పేరు చెప్పగానే నవ్వు ఆగిపోయింది. టీ తెప్పించాడు. బీరువాలోంచి ఒక ఫైలు తీసి నా ముందు పెట్టాడు.

“ఈ దస్తూరీ తమదేనా?”

నాదే. గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలు. నా నాలుగో ఉత్తరం వేలం ఆర్డరుకు గుండుసూదితో గుచ్చి ఉంది. ఎవరో ఎర్ర పెన్సిలుతో గీతలు గీశారు. నంబరు కింద ఒక గీత. ‘ఎవరికీ ఉపయోగం లేక పడి ఉన్నది’ కింద ఒక గీత. ‘నా లెక్క ప్రకారం సుమారు ఏడు టన్నుల మేలైన ఉక్కు వానకు నానుచున్నది’ కింద రెండు గీతలు. ‘రెండు రెక్కల తలుపులు చెక్కు చెదరలేదు’ కింద కూడా.

అయ్యో, అది నేను జాలి పుట్టించడానికి రాసిన వాక్యం! ఇంత మంచిదాన్ని పాడుచేస్తున్నారే అని సిగ్గుపడతారనుకున్నాను. వాళ్ళు సిగ్గుపడలేదు, తూకం వేసుకున్నారు.

“ఆ డబ్బా ఏ రిజిస్టర్లోనూ లేదండి,” అన్నాడు సింహాద్రి. “లైను ఏసీటప్పుడు సిమెంటు దాసుకోడానికి తెచ్చినారు. చక్రాలు పీకి గట్టు మీద ఒగ్గేసినారు. అది ఉందని పదిహేనేళ్ళై ఎవడికీ గేపకం లేదు. తమరు రాసినాక గేపకం వచ్చింది.”

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

“అందులో మడిసుంది మేస్టారూ. బుద్రి అని. దాని పెనిమిటి లైను పన్లో కలాసీ. రాళ్ళు పడి పోనాడు. అప్పటి ఇంజనీరు బాబు, పాపం, దీన్లో ఉండమ్మా అన్నాడు. నోటిమాటే. కాయితం లేదు. ఎల్లుండి కోసీవోళ్ళొత్తారు. నాను సెప్పినాను దానికి. ఎక్కడికెళ్తాదో ఏటో.”

ఫోటోలోని చీర గుర్తొచ్చింది. ముందు ఆఫీసును తిట్టాను. తర్వాత వేలం పాడినవాణ్ణి తిట్టాను. తిట్టడానికి మనుషులు అయిపోయాక నోరు మూసుకున్నాను. ఆ పూట వ్యాగను దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు.

అడ్డంగా వెదురు

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. స్టేషను నుంచి మైలు దూరం. సగం దారిలో రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు, దాని వెనక పదిమంది ఆడవాళ్ళు, ముక్కులకు మూడేసి నత్తులు, తలల్లో పూలు. కొండవాళ్ళు చైత్రంలో చేసుకునే వేట పండగ, ఇటుకల పండగ రోజులు. మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళు దారికి అడ్డు కట్టి వచ్చేపోయేవాళ్ళ దగ్గర పండగ డబ్బులు పుచ్చుకుంటారు. వేట దొరక్కుండా తిరిగొచ్చిన మగాడికి పేడనీళ్ళు కూడా పడతాయట. మా ఊళ్ళో ఆ ఆచారం ఉంటే మగాళ్ళలో సగం మంది పేడలోనే ఉండేవాళ్ళు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, నా పనికి అడ్డొస్తున్నారు.

“ఇది సర్కారు రోడ్డు,” అన్నాను.

“సర్కారు రోడ్డే,” అంది ముందున్నామె. “కొండ మాది.”

“ఇస్తాను, రసీదు ఇవ్వండి.”

ఆ మాటను ఒకామె వాళ్ళ భాషలో చెప్పింది. ఒక్కామె తప్ప అందరూ పడీపడీ నవ్వారు. ఇంకొకామె నా సంచీలోంచి టేపు లాగేసింది. యాభై అడుగుల టేపు, తోలు పెట్టెలో ఉండేది, నేను బిడ్డలా చూసుకునేది. దాన్ని బారుగా లాగి ఒకరి ఎత్తు ఒకరు కొలుచుకున్నారు, తర్వాత నా పొట్ట కొలిచారు. ఎన్ని అంగుళాలో చెప్పను, అది కూడా ఈ కథనంలో దాచిన సంగతే. అందరూ పావలా ఇచ్చి పోయే చోట నేను రూపాయి ఇచ్చి బయటపడ్డాను.

టేపు చుట్టి నా చేతిలో పెట్టినామె నలభై దాటిన మనిషి, నవ్వనిది ఆమె ఒక్కతే.

“మా ఇల్లు కొలిసే బాబువి నువ్వేనా?” అంది. “రా.”

ఆమే బుద్రి.

చెయ్యి వెడల్పు

వ్యాగను చూడగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది. గోడలంతా ఎర్రమట్టి! పండక్కి వారం కిందటే పూసింది, ఇంకా పచ్చి వాసన పోలేదు. కింద మోకాలెత్తు నల్ల పట్టీ, పైన ఎరుపు, మధ్యలో వేళ్ళతో దిద్దిన తెల్ల చుక్కలు. రివెట్టన్నది ఒక్కటి కనబడదు. కప్పు కింద గాలి జాలీలు మట్టితో సగం పూడ్చి అందులో జొన్న కంకులు దోపారు. వెనకటి రోజుల్లో సరుకు చీటీ పెట్టే చిన్న ఇనప జేబు ఉంటుంది తలుపు పక్కన. ఎన్ని నక్షాల్లో వెదికానో దాని కోసం. అందులో బుద్రి దువ్వెన ఉంది.

మట్టి పూయనిది నంబరున్న చోటు ఒక్కటే. దాని చుట్టూ నల్లగా ద్వారబంధంలా గీత గీసింది. “ఇది ఇంటి నంబరు, చెరపొద్దు అన్నాడు ఇంజనీరు బాబు,” అని చెప్పింది.

నేను జేబులోంచి చాకు తీసి మూల దగ్గర మట్టి గీకబోయాను. అంతే, నా మణికట్టు పట్టుకుంది.

“ఏటి బాబు, గీకేత్తన్నావు? కొత్తమట్టి ఇల్లు గీకొచ్చా?”

“రివెట్లు లెక్కపెట్టాలమ్మా.”

“లెక్కెడితే ఏటొత్తాది?”

మద్రాసు పెద్దమనిషి సంగతి చెప్పాను. ఆమెకు ఏం అర్థమైందో గాని, చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. చెయ్యి వెడల్పు మాత్రం గీక్కోవచ్చు, కింద నుంచి పైదాకా. గీకినవాడే మళ్ళీ పూయాలి. కొండ మీద అదే పద్ధతట, ఎవరి చెయ్యి గోడ చెరిపితే ఆ చెయ్యే కప్పాలి.

గీకాను. మట్టి పెచ్చులుగా ఊడింది. దాని కింద చూశాను. తుప్పు లేదు! రివెట్ల తలలు నిన్న కొట్టినట్టున్నాయి. పాత గోధుమరంగు పెయింటు ఇంకా నిగనిగలాడుతోంది. ఒక ఆఫీసు ముందర వేరే రకం పాత వ్యాగనును దిమ్మె మీద పెట్టి, ఏటేటా ఆయిలు పెయింటు కొట్టి, చుట్టూ ఇనప గొలుసు కట్టి కాపాడుతున్నారు. దాని అడుగున పిడికిలి పట్టేంత చిల్లులున్నాయి. ఇక్కడ పేడా మట్టీ మాండియా అనే రాగుల పొట్టూ కలిపి ఏడాదికోసారి చేత్తో మెత్తిన మనిషి దాన్ని కొత్తదానిలా ఉంచింది. కాపాడండని నేను నాలుగు ఉత్తరాలు రాసినది ఎవరికి? కాపాడుతున్నది ఎవరు?

మూలకు రివెట్లు పద్దెనిమిది. నా నమూనాలో పదహారే పెట్టాను. రాసుకున్నాను.

రోజంతా కొలిచాను. మధ్యాహ్నం ఆమె ఆ రాగులతోనే కాచిన చోడి అంబలి, కాల్చిన ఎండుచేప, పచ్చిమిరపకాయ పెట్టింది. మా ఇంట్లో అంబలి జ్వరం వచ్చినవాడికి ఇస్తారు. ఇక్కడ అది తాగి కొండలెక్కుతారు. లోపల నేల చెక్క పలకలు, పొయ్యి పొగకు నల్లబడ్డాయి. తలుపు రెక్కల లోపలివైపు చూద్దామంటే, రెండింటికీ లోపల మట్టి మెత్తిన దడి బిగించి, దాని ముందు ధాన్యపు బుట్టలు పెట్టి ఉన్నాయి. ఒక రెక్క మూసి, రెండోది సగం తెరిచి వాడుకుంటుంది. పండగ వెళ్ళేదాకా ధాన్యపు బుట్ట కదపకూడదంది. నా పంతం అక్కడ ఆగిపోయింది.

సాయంత్రం నా చెయ్యి వెడల్పు నేనే పూశాను. మట్టి ఎలా మెదపాలో ఆమె చూపించింది. “చెక్క పట్టుకున్నట్టు పట్టకు, పిల్ల వీపు రుద్దినట్టు రుద్దు,” అంది. మోచేతుల దాకా మట్టితో ఉన్నప్పుడు ఇక దాచలేక చెప్పేశాను.

“అమ్మా, ఈ ఇల్లు కోసేస్తున్నది నా కాగితం వల్లే.”

“తెలుసు. టేసను బాబు సెప్పినాడు.”

“నీకు కోపం రావటం లేదా?”

ఆమె చేయి ఆపలేదు. “వొచ్చింది. రాతిరి వొచ్చింది. నువ్వొత్తే మొకాన పేడ కొడదామనుకున్నాను. నిన్ను సూత్తే ముసలోడివి.” మట్టి మెదుపుతూనే అంది, “రాసినోడివి నువ్వే కదా. కాదని రాయి.”

“ఏమని రాయను?”

“అది నాకేటి తెలుసు? రాత నీది.”

తూకం

ఆ మాట పట్టుకుని స్టేషనుకు వచ్చి నోటుబుక్కు ముందేసుకున్నాను. ఏడు టన్నులని రాశానే, ఎక్కణ్ణుంచి వచ్చింది ఏడు? పుస్తకంలోంచి. చక్రాలు, ఇరుసులు, బఫర్లు, అడుగు చట్రం అన్నీ కలుపుకుని వేసిన లెక్క. చూడకుండా, కుర్చీలో కూర్చుని, పాండిత్యం చూపించుకోవడానికి వేసిన లెక్క. అసలు ఇక్కడ ఉన్నదేమిటి? పల్చటి రేకు, మూల పట్టీలు, తలుపులు. నేల చెక్క. ఇప్పుడు నిజంగా కొలిచిన కొలతలున్నాయి నా దగ్గర. మర్నాడు తెల్లవారగానే లెక్క మళ్ళీ మొదలుపెట్టాను.

లారీ తొమ్మిదికి రావాలి. పదిన్నరైనా రాలేదు. వెదురు బొంగు దగ్గర ఆపేశారట. నేను పది నిమిషాలు వాదించిన చోట వేలం పాడినాయన గంటసేపు వాదించాడు, ఆయనది పెద్ద లారీ కాబట్టి అడ్డు డబ్బులు కూడా పెద్దవే అడిగారు. ఆ గంటలో నా లెక్క పూర్తయింది. టన్నున్నరకు మించి ఉక్కు లేదు. శుభ్రంగా రాసి, సంతకం పెట్టి పట్టుకు వెళ్ళాను.

ఆయన విశాఖపట్నం తుక్కు వ్యాపారి. భారీ మనిషి, చేతులకు ఉంగరాలు, ముఖాన చెమట. గ్యాసు సిలిండర్లు అప్పటికే దింపుతున్నారు. బుద్రి తలుపు ముందు నిలబడి ఉంది. సింహాద్రి ఫైలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

“ఆపండి,” అన్నాను. “ఇందులో ఏడు టన్నుల్లేవు. చక్రాల్లేవు, ఇరుసుల్లేవు, అడుగు చట్రం లేదు. వంగి చూసుకోండి. కింద రాళ్ళున్నాయి.”

ఆయన నిజంగానే వంగి చూశాడు. లేచి నా కాగితం చదివాడు. ముఖం ఎర్రబడింది.

“మరి టన్నులు టన్నులని ఎందుకు రాసినావు? నీ కాయితం సూసే గదా పాట పాడినాను!”

“చూడకుండా రాశాను.”

“సదువుకున్నోడివి, సూడకుండా రాసేత్తావా?”

ఊళ్ళో, బళ్ళో, ఆఫీసుల్లో ఈ మాట నేను ఎంతమందిని అన్నానో! ఇలా తగులుతుందని అప్పుడు తెలియలేదు. తల వంచుకున్నాను.

ఆయన పనివాళ్ళతో లెక్క వేసుకున్నాడు. గ్యాసు ఖర్చు, కూలి, లారీ. గిట్టదు. బరువు తేడా ఉందని, సరుకు వద్దని ఫైలు మీద రాసిచ్చాడు. సింహాద్రి దాని కింద ‘కొలతలు జతపరచడమైనది’ అని రాసి నా కాగితం గుచ్చాడు. నా చెవిలో, “ఇది పైకెళ్ళి కిందకి దిగేసరికి నాను రిటైరైపోతాను. ఎవడికీ గేపకం ఉండదు,” అన్నాడు. నా గుండెల మీంచి కొండ దిగినట్టయింది. బుద్రి వైపు చూసి నవ్వాను కూడా.

“ఉత్త సేతుల్తో ఎల్లను,” అన్నాడు వ్యాపారి. “ఆ తలుపులు ఇప్పండి. దారి కర్సులకి అయినా ఉండాల గదా.”

నేను అడ్డం వెళ్ళాను. అరిచాను. ఏ హక్కుతో అన్నాను. ఆయన ఫైలు తెరిచి చూపించాడు. ‘రెండు రెక్కల తలుపులు చెక్కు చెదరలేదు.’ ఎర్ర గీత. సింహాద్రి సిగ్నలు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన చెయ్యగలిగింది ఆయన అప్పటికే చేశాడు.

లోపలివైపు

పది నిమిషాలు పట్టింది. పండగ వెళ్ళకుండానే ధాన్యపు బుట్టలు బుద్రి తనే కదిపి లోపలికి జరిపింది. నీలం మంట తలుపు మడతబందుల మీద పెట్టారు. రెక్కలు రెండూ ఒకదాని వెంట ఒకటి గట్టు మీద పడ్డాయి, లోపలివైపు పైకి. మట్టి దడి అదిరి రాలిపోయింది.

అక్కడుంది. పకోడీల పొట్లంలో దొరకనిది. ఏటవాలుగా రెండు బద్దెలు, ఒకదాని మీంచి ఒకటి, మధ్యలో వజ్రాకారపు పట్టీ, దానికి తొమ్మిది రివెట్లు. ఎవరూ ఊహించలేరు. నేను ఊహించలేదు.

టేపు తీశాను.

రాయకుండా ఉండవచ్చు ఈ ముక్క. రాస్తున్నాను. లారీలోకి ఎత్తబోతున్న పనివాళ్ళను “ఒక్క నిమిషం” అని ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తలుపుల లోపలివైపు కొలిచాను. బద్దె వెడల్పు, రివెట్ల మధ్య దూరం. రెండుసార్లు సరిచూసుకున్నాను. తలెత్తేసరికి బుద్రి చూస్తోంది. ఆమె వెనక ఇల్లు నోరు తెరుచుకుని ఉంది, పొయ్యి, బుట్టలు, మడత పెట్టిన దుప్పటి అన్నీ దారిన పోయేవాళ్ళకు కనబడుతూ.

“తలుపులు కూడా నువ్వే రాసినావా బాబు, ఆ కాయితంలో?”

“అవునమ్మా.”

ఆమె వెదురు బొంగులు తేవడానికి వెళ్ళింది. లారీ వెళ్ళిపోయింది.

నేను కొత్త తలుపులు చేయించి పంపుతానన్నాను. మంచి టేకువి, నా చేత్తో నేనే చేస్తానన్నాను. ఆమె అప్పటికే వెదురు చీల్చడం మొదలుపెట్టింది.

“వొద్దు. మంచి తలుపులుంటే ఇంకోడెవడో వొచ్చి రాసుకుపోతాడు. తడికని ఎవడూ రాసుకోడు.”

తర్వాత లోపలికి వెళ్ళి మట్టి తట్ట తెచ్చింది. ఇన్నేళ్ళుగా చుట్టూ గీత గీసి కాపాడుకొచ్చిన నంబరు మీద మట్టి ముద్ద పెట్టి, అరచేత్తో రుద్దింది. ఒక్కో అంకె పోయింది. చివరి అంకె దగ్గర ఆగి తట్ట నా వైపు జరిపింది. గీకిన చెయ్యి నాదే కదా. నేను పూశాను.

సింహాద్రి బండి ఎక్కిస్తూ ఒకటే కోరాడు. “మేస్టారూ, ఇక బేగి ఎల్లిరండి. ఉత్తరం ముక్క మాత్రం రాయకండి. సేమంగా చేరేనని కూడా వొద్దు.” రాయలేదు.

వచ్చాక నమూనా పూర్తి చేశాను. మూలకు పద్దెనిమిది రివెట్లు. తలుపు లోపల ఏటవాలు బద్దెలు, వజ్రాకారపు పట్టీ, తొమ్మిది గుండుసూది తలలు. మద్రాసు పెద్దమనిషి దాన్ని భూతద్దంతో చూసి, లేచి నాకు నమస్కారం పెట్టాడు. ఎక్కడుంది ఈ వ్యాగను, నంబరు ఎందుకు వేయలేదు, మిత్రులతో వెళ్ళి చూస్తాం చెప్పండి అన్నాడు. లేదండీ, కోసేశారన్నాను. ఆయన ఆఫీసులను తిట్టాడు. నేను తిట్టలేదు.

ఇప్పుడది మా హాల్లో అద్దాల బీరువాలో ఉంది. మొన్న జూన్ మొదటి వాన పడింది. నేను లేచి వెళ్ళి బీరువా తెరిచి, ఆ రెండు రెక్కలూ దగ్గరికి వేసి, గడియ పెట్టాను. గడియ కూడా నిజంగా పడుతుంది, అంత కచ్చితంగా చేశాను.

“బీరువాలో ఉన్నదానికి వానేమిటండీ?” అంది మా ఆవిడ.